1907లో వేల్స్ గెలుపు: ఆటగాళ్ళు ముందు నుంచీ ఉన్నారు, మరి అంత ఆలస్యం ఎందుకు?

పాత స్కోరుబోర్డు అన్న కలంపేరుతో ఒకరు అడిగిన ప్రశ్న:

వేల్స్‌లోని రెక్సమ్ ఫుట్‌బాల్ క్లబ్బును 2021లో ఇద్దరు హాలీవుడ్ నటులు కొన్నప్పటి నుంచి, ఫుట్‌బాల్ అంతగా పట్టని వారి నోటా ఆ ఊరి పేరు వినబడుతోంది. నాకూ ఆ వార్తల వల్లే ఆసక్తి కలిగి, విక్టోరియా రాణి చివరి దశాబ్దాల నాటివి, ఆ తరువాత ఎడ్వర్డ్ రాజు కాలం నాటివి వేల్స్ జట్టు ఫలితాలు చూస్తూ వచ్చాను. చూసిన కొద్దీ ఒక విషయం అంతుబట్టడం లేదు.

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ జట్లు ఏటా ఒకదానితో ఒకటి ఒక్కొక్క మ్యాచ్ ఆడే హోమ్ ఛాంపియన్‌షిప్ 1883–84లో మొదలైంది. వేల్స్ దాన్ని మొట్టమొదట గెలిచింది 1906–07లో, అంటే ఇరవై నాలుగో పోటీలో. మళ్ళీ గెలవడానికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి 1919–20 సీజన్ రావలసి వచ్చింది. పోనీ ఆటగాళ్ళు లేరా అంటే, మాంచెస్టర్‌లో రెండు క్లబ్బుల అభిమానులూ ఈనాటికీ తలచుకునే బిల్లీ మెరెడిత్ ఆ జట్టులోని వాడే. తన కాలపు గోల్‌కీపర్లలో అందరికంటే ఎక్కువ జనాకర్షణ ఉన్న లీ రిచ్‌మండ్ రూస్ కూడా ఆ జట్టులోని వాడే. ఐర్లండ్‌ను 1888లో 11–0తో ఓడించిన దేశమే 1896లో కార్డిఫ్‌లో ఇంగ్లండ్ చేతిలో 9–1తో చిత్తయింది. ఆ తొమ్మిది గోల్స్‌లో అయిదు స్టీవ్ బ్లూమర్ ఒక్కడే కొట్టాడు. ఇంత ఎగుడుదిగుడుకు కారణం ఏమిటి? 1907లో ప్రత్యేకంగా కలిసివచ్చింది ఏమిటి? వేల్స్ అనగానే మనకు రగ్బీ గుర్తుకు వస్తుంది గనుక, ఆ రోజుల్లో అక్కడ ఫుట్‌బాల్ ఆడినవారు అసలు ఎవరో కూడా తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

గనిదారి జవాబు:

మీ చివరి ప్రశ్న నుంచి మొదలుపెడితేనే మిగిలిన వాటికి జవాబు దొరుకుతుంది. ఆ కాలంలో ఫుట్‌బాల్ వేల్స్ దేశమంతటి ఆట కాదు. ఈశాన్య మూలన, ఇంగ్లండ్ సరిహద్దును ఆనుకుని, రెక్సమ్ నుంచి దక్షిణంగా రుఆబన్ మీదుగా చర్క్ వరకు ఇరవై కిలోమీటర్లకు మించని మేర పరుచుకున్న బొగ్గు గనుల, ఇటుక బట్టీల పల్లెల ఆట అది. రుఆబన్‌కు చెందిన న్యాయవాది లెవెలిన్ కెన్రిక్ చొరవతో 1876 ఫిబ్రవరి 2న రెక్సమ్‌లోని విన్‌స్టే ఆర్మ్స్ హోటల్‌లో వేల్స్ ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది. ఇంగ్లండ్, స్కాట్లండ్ సంఘాల తరువాత ప్రపంచంలో మూడవది ఇదే. రెండు నెలలు కూడా తిరగకుండానే, మార్చి 25న, కెన్రిక్ తానే కెప్టెన్‌గా గ్లాస్గో వెళ్ళి స్కాట్లండ్‌తో ఆడి 4–0తో ఓడి వచ్చాడు. మరుసటి ఏడు స్కాట్లండ్ జట్టు రెక్సమ్ వచ్చి రేస్‌కోర్స్ మైదానంలో ఆడింది. నేటికీ అంతర్జాతీయ మ్యాచ్‌లు జరుగుతున్న మైదానాల్లో అన్నిటికంటే పాతది అదే.

ఆట ఎంత చిన్న జాగాలో ఉండేదో వెల్ష్ కప్ విజేతల పట్టిక చూస్తే తెలిసిపోతుంది. 1878 నుంచి 1894 వరకు జరిగిన 17 పోటీల్లో 13 కప్పులు మూడు క్లబ్బులకే పోయాయి: రుఆబన్ వైపున్న డ్రూయిడ్స్ అయిదు, చర్క్ అయిదు, రెక్సమ్ మూడు. చర్క్ అంటే పట్టణం కూడా కాదు, గని పక్కన ఉన్న పల్లె. అక్కడి బడిలో టి. ఇ. థామస్ అనే ఉపాధ్యాయుడు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వేల్స్ జట్టులోకి వెళ్ళారు. చర్క్ దగ్గరి బ్లాక్ పార్క్‌లో 1874లో పుట్టిన మెరెడిత్ పన్నెండో ఏట గనిలోకి దిగి, బొగ్గు బండ్లు లాగే పొట్టి గుర్రాలను తోలే పని చేశాడు. 1894లో చర్క్ వెల్ష్ కప్ గెలిచింది. అదే ఏడాది అక్టోబరులో మాంచెస్టర్ సిటీ అతడిని తీసుకుపోయింది. కుర్రవాడిని ఆటకోసం ఊరు దాటించడం తల్లికి ససేమిరా ఇష్టం లేదు. సిటీకి ఆడడం మొదలుపెట్టిన తరువాత కూడా అతడు కొంతకాలం గని పని వదలలేదు. న్యూకాసిల్‌తో మొదటి మ్యాచ్‌లో సిటీ 5–4తో ఓడింది. తరువాతి వారం న్యూటన్ హీత్‌తో ఆడి మళ్ళీ 5–2తో ఓడింది, అయితే ఆ రెండు గోల్సూ మెరెడిత్‌వే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1888లో ఇంగ్లండ్‌లో లీగ్ మొదలై, ఆటకు జీతం దొరకడం మొదలుకాగానే, ఈ పల్లెల్లో తయారైన ప్రతి మంచి ఆటగాడూ సరిహద్దు దాటాడు. మొదటి లీగ్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని ప్రెస్టన్ జట్టునే చూడండి: లీగ్ మ్యాచ్‌లలో దాదాపు అన్నిటికీ గోల్‌లో నిలబడిన జిమ్ ట్రెయినర్ రెక్సమ్ వాడు, అదే సీజన్‌లో ప్రెస్టన్ ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఎఫ్.ఏ. కప్ గెలిచినప్పుడు ఫైనల్‌లో గోల్‌కీపర్‌గా ఉన్న రాబర్ట్ మిల్స్-రాబర్ట్స్ కూడా వెల్ష్ వాడే, వృత్తిరీత్యా వైద్యుడు. కాబట్టి వేల్స్‌కు ఆటగాళ్ళ కొరత ఎన్నడూ లేదు. జీతమిచ్చే యజమాని ఇంగ్లండ్‌లో ఉన్నాడు, ఆ యజమాని మీద వెల్ష్ సంఘానికి ఏ అధికారమూ లేదు, అంతే. లీగ్‌లో పాయింట్లు అవసరమైన వారం క్లబ్బు కాదంటే ఆటగాడు వేల్స్‌కు దక్కడు. మెరెడిత్ 1895 నుంచి 1920 వరకు, అంటే పాతికేళ్ళ పాటు, వేల్స్‌కు ఆడినా మొత్తం మీద ఆడగలిగింది 48 మ్యాచ్‌లే. ఏటా మూడు మ్యాచ్‌లు ఉండేవని గుర్తుంచుకుని, యుద్ధకాలాన్ని తీసివేసి లెక్క వేస్తే, ఎన్నిటికి దూరమయ్యాడో మీకే తెలుస్తుంది.

హాఫ్‌బ్యాక్ జవాబు:

గనిదారి గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. తప్పంతా క్లబ్బులదే అనడం కొంత తొందరపాటు. ఆ రోజుల్లో వేల్స్ మ్యాచ్‌ల తేదీలు ఒకసారి క్యాలెండరుతో సరిచూడండి. 1896లో కార్డిఫ్ మ్యాచ్ సోమవారం. 1905లో వేల్స్ మొట్టమొదటిసారి స్కాట్లండ్‌ను ఓడించిన మార్చి 6 సోమవారం. 1906లో రెక్సమ్‌లో ఐర్లండ్‌తో 4–4 డ్రా అయిన ఏప్రిల్ 2 కూడా సోమవారమే. శనివారం లీగ్‌ది, ఆటగాడు శనివారం తన క్లబ్బుకు తొంభై నిమిషాలు బురదలో పరుగెత్తి, ఆదివారం రైల్లో గడిపి, సోమవారం దేశం కోసం దిగాలి. మెరెడిత్ తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఇంకా చిత్రం: 1895 మార్చి 16, శనివారం, బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్‌తో 2–2, సముద్రం దాటి వచ్చి మార్చి 18, సోమవారం, లండన్‌లోని క్వీన్స్ క్లబ్ మైదానంలో ఇంగ్లండ్‌తో 1–1. గని పని నేర్చిన ఇరవై ఏళ్ళ కుర్రవాడు గనుక తట్టుకున్నాడేమో గాని, ఈనాటి ఆటగాడికి అలాంటి ప్రయాణం పెడితే క్లబ్బు వైద్యుడు ఊరుకోడు.

ఇంగ్లండ్ కూడా వేల్స్‌ను రెండో వరుసలోనే కూర్చోబెట్టింది. 1894లోనూ 1895లోనూ వేల్స్ మీదికి వాళ్ళు పంపిన పదకొండు మందీ కొరింథియన్ క్లబ్బుకు చెందిన అమెచ్యూర్లే, అంటే జీతం తీసుకోకుండా ఆడేవాళ్ళే. స్కాట్లండ్‌తో ఆటకు మాత్రం ఉన్నవాళ్ళలో మేటివాళ్ళను దాచుకునేవారు. కాబట్టి పాత ఫలితాలు చదివేటప్పుడు ఎవరు ఎవరిని ఓడించారో చూసే ముందు, ఆ రోజు దిగినవాళ్ళు ఎవరో చూడడం మంచిది.

ఇక 1907 విషయం. ఆ ఏడాది వేల్స్‌కు కలిసివచ్చినది నా దృష్టిలో ఒకటే: మెరెడిత్, రూస్ ఇద్దరూ మూడు మ్యాచ్‌లూ ఆడారు. ఫిబ్రవరి 23న బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్ మీద 3–2. మార్చి 4న రెక్సమ్‌లో స్కాట్లండ్ మీద 1–0. ఆ గోల్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు ఆడుతున్న గ్రెన్‌విల్ మారిస్‌ది. బిల్త్‌లో పుట్టిన ఈ మారిస్ పేరు మన దగ్గర ఎక్కువమందికి తెలియదు గాని, ఫారెస్ట్ తరఫున 217 గోల్స్ కొట్టిన అతడి రికార్డు ఈనాటికీ చెక్కుచెదరలేదు. మార్చి 18న లండన్ ఫుల్హమ్‌లోని క్రేవెన్ కాటేజ్‌లో ఇంగ్లండ్‌తో 1–1. అక్కడితో వేల్స్ ఆటలు పూర్తయ్యాయి, గెలుపుకు రెండు, డ్రాకు ఒకటి చొప్పున చేతిలో అయిదు పాయింట్లు ఉన్నాయి. మిగిలినది ఏప్రిల్ 6న న్యూకాసిల్‌లో జరగవలసిన ఇంగ్లండ్–స్కాట్లండ్ మ్యాచ్. అందులో ఇంగ్లండ్ గెలిస్తే దానికీ అయిదు పాయింట్లే అయి, కప్పును ఇద్దరూ పంచుకోవలసి వచ్చేది. అది 1–1తో డ్రా అయింది. ఇంగ్లండ్ నాలుగు పాయింట్ల దగ్గర ఆగిపోయింది. అంటే వేల్స్ ఛాంపియన్ అయిన రోజున వేల్స్ ఆటగాళ్ళు ఎవరూ ఆ మైదానంలో లేరు.

పాత స్కోరుబోర్డు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సోమవారాల సంగతి నాకు తట్టనే లేదు. అయితే మెరెడిత్ 1906లో వేల్స్‌కు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదని గమనించాను. అది కూడా క్లబ్బు వదలకపోవడం వల్లనేనా, లేక లంచం కేసు అని అక్కడక్కడ రాసే విషయానికి దీనితో సంబంధం ఉందా? రూస్ గురించి కూడా ఎవరైనా కొంచెం విస్తరించి రాస్తే బాగుంటుంది.

గనిదారి జవాబు:

సంబంధం ఉంది. 1904 ఏప్రిల్ 23న క్రిస్టల్ ప్యాలెస్‌లో బోల్టన్ మీద మాంచెస్టర్ సిటీ 1–0తో గెలిచి తన మొదటి పెద్ద ట్రోఫీ అయిన ఎఫ్.ఏ. కప్ అందుకుంది; కెప్టెనూ మెరెడితే, గోల్ కొట్టినదీ మెరెడితే. ఏడాది తిరిగేసరికి, 1905 ఏప్రిల్ చివర్లో ఆస్టన్ విల్లాతో జరిగిన మ్యాచ్‌లో, ఆట వదిలేస్తే 10 పౌండ్లు ఇస్తానని విల్లా కెప్టెన్ అలెక్ లీక్‌తో అన్నాడన్న ఆరోపణ మీద ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం అతడిని సస్పెండ్ చేసింది. తాను ఆ మాట సొంతంగా అనలేదని, సెక్రటరీ టామ్ మేలీ చెప్పమంటేనే చెప్పానని మెరెడిత్ తరువాత బాహాటంగానే అన్నాడు. సస్పెన్షన్ కాలంలో క్లబ్బు తనకు డబ్బు ఇవ్వడానికి నిరాకరించడంతో నోరు విప్పాడు. సంఘం సిటీ లెక్కల పుస్తకాలు తెరిచింది.

ఆ పుస్తకాల్లో బయటపడింది లంచం కంటే పెద్ద విషయం. 1901 నుంచి ఇంగ్లండ్‌లో ఏ ఆటగాడికైనా వారానికి 4 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్న నిబంధన ఉండేది. సిటీ దాన్ని చాటుగా దాటి ఎక్కువ చెల్లిస్తోందని తేలింది. ఇతర క్లబ్బులు అలా చేయలేదని నేను నమ్మను. సిటీ దొరికిపోయింది, అంతే తేడా. 1906లో 17 మంది ఆటగాళ్ళను 1907 జనవరి 1 వరకు నిషేధించారు, మేలీని జీవితాంతం వెలివేశారు. ఈ గందరగోళంలో మాంచెస్టర్ యునైటెడ్ మెరెడిత్‌ను తన వైపు లాక్కుంది. నిషేధం తీరిన రోజునే, అంటే 1907 జనవరి 1న, అతడు యునైటెడ్ తరఫున దిగాడు. ప్రత్యర్థి మళ్ళీ అదే ఆస్టన్ విల్లా, యునైటెడ్ 1–0తో గెలిచింది. ఆ తరువాత ఎనిమిది వారాలు కూడా నిండకుండానే బెల్‌ఫాస్ట్‌లో వేల్స్ చొక్కా వేసుకున్నాడు. ఏడాదిన్నర పాటు ఆట లేక, కాళ్ళలో కసి నిండిన ముప్ఫై రెండేళ్ళ వింగర్‌ను వేల్స్ అందుకున్నది సరిగ్గా ఆ సమయంలో. హాఫ్‌బ్యాక్ గారు చెప్పిన కలిసిరావడం వెనుక ఇది ఉంది.

నిషేధం మెరెడిత్‌లో మరో మార్పు కూడా తెచ్చింది. 1907 డిసెంబరు 2న మాంచెస్టర్ ఇంపీరియల్ హోటల్‌లో ఆటగాళ్ళ సంఘం స్థాపించినప్పుడు ఆ సమావేశానికి అధ్యక్షత వహించింది అతడే. గనిపల్లెలో పెరిగినవాడికి కార్మిక సంఘం అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. 1909 వేసవిలో ఈ సంఘాన్ని వదులుకోమని ఫుట్‌బాల్ సంఘం హుకుం జారీ చేస్తే చాలామంది తలవంచారు గాని, యునైటెడ్ ఆటగాళ్ళు ఒప్పుకోలేదు. క్లబ్బు మైదానం దక్కక విడిగా సాధన చేస్తూ, ‘అవుట్‌కాస్ట్స్ ఎఫ్.సి. 1909’ అని పలక మీద రాసి ముందు పెట్టుకుని ఫోటో దిగారు. ఆ పేరుకు తెలుగులో ‘వెలివాళ్ళు’ అంటే సరిపోతుంది. సీజన్ మొదలయ్యే ముందు రాజీ కుదిరింది. వారానికి 4 పౌండ్ల హద్దు మాత్రం అప్పటికి తొలగలేదు.

గోల్‌పోస్టు నీడ జవాబు:

రూస్ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. రెక్సమ్ దగ్గరి హోల్ట్‌లో 1877లో పుట్టాడు, తండ్రి ప్రెస్బిటేరియన్ పాస్టరు. మెరెడిత్ గని నుంచి వచ్చినవాడైతే ఇతడు కళాశాల నుంచి వచ్చాడు: అబెరిస్త్విత్‌లో చదువుతూ ఆ ఊరి క్లబ్బుకు ఆడి, 1900లో డ్రూయిడ్స్‌ను 3–0తో ఓడించి వెల్ష్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. లండన్‌లో వైద్యం చదవడానికి చేరాడు, పూర్తి చేయలేదు. కాగితం మీద చివరి వరకు అమెచ్యూరే. జీతం తీసుకోకుండా స్టోక్, ఎవర్టన్, సండర్లాండ్ వంటి పెద్ద క్లబ్బులకు ఆడుతూ, దర్జాగా ఎలా బతికాడంటే ‘ఖర్చులు’ అన్న పద్దు కింద బతికాడు. ఆ పద్దుల మీద బోలెడు కథలు ఉన్నాయి. అందులో సగం ఎవరో అల్లినవని నా అనుమానం.

ఆటలో మాత్రం కట్టుకథ అవసరం లేదు. అప్పటి నిబంధన ప్రకారం గోల్‌కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో ముట్టవచ్చు, అయితే చేత్తో పట్టుకుని రెండు అడుగులకు మించి పరుగెత్తకూడదు. మిగిలిన గోల్‌కీపర్లు ఈ వెసులుబాటు ఉన్నా గోల్ దగ్గరే అంటిపెట్టుకుని ఉండేవారు, ఎందుకంటే ఎదురొచ్చే ఫార్వర్డు భుజంతో ఢీకొట్టి పడేయడం కూడా అప్పట్లో న్యాయమే. రూస్ అలా కాదు. బంతిని నేలకేసి కొడుతూ, దారికి అడ్డం వచ్చినవాడిని భుజంతో నెట్టుకుంటూ, మధ్యగీత దాకా దూసుకుపోయి అక్కడి నుంచి ముందుకు తన్నేవాడు. వేల్స్ దాడి చాలాసార్లు గోల్‌కీపర్ చేతిలోనే మొదలయ్యేది. 1912లో ఆ హక్కును పెనాల్టీ ఏరియాకే పరిమితం చేశారు. ఆ మార్పుకు ఇతడి తీరే ముఖ్య కారణమని చాలామంది రాస్తారు, అందులో అతిశయోక్తి ఉందని నాకు అనిపించదు.

ఇతడి మీద జనానికి ఎంత మమకారమో అంత మంట కూడా ఉండేది. 1910లో స్టోక్ రిజర్వు జట్టు మీద పోర్ట్ వేల్ రిజర్వు జట్టు తరఫున దిగినప్పుడు, తమ పాత గోల్‌కీపరే తమ మీదికి వచ్చాడని స్టోక్ అభిమానులు మైదానంలోకి దూకి, అతడిని ఎత్తుకుపోయి ట్రెంట్ నదిలో పడేయబోయారు. వేల్స్‌కు 24 మ్యాచ్‌లు ఆడాడు. యుద్ధంలో రాయల్ ఫ్యూసిలియర్స్‌లో చేరి మిలిటరీ మెడల్ పొందాడు. 1916 అక్టోబరు 7న సోమ్ యుద్ధంలో చనిపోయాడు. ఫ్రాన్స్‌లోని తీప్వాల్ యుద్ధ స్మారకం మీద ఇతడి ఇంటిపేరును ‘రౌస్’ అని తప్పుగా చెక్కారు.

రూస్ కదలడం కళ్ళారా చూడాలంటే ఒక దారి ఉంది. హాఫ్‌బ్యాక్ గారు చెప్పిన 1906 ఏప్రిల్ 2 నాటి రెక్సమ్ మ్యాచ్‌ను మిచెల్, కెన్యన్ అనే ఇద్దరు చిత్రనిర్మాతల సంస్థ చిత్రీకరించింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ చిత్రాల్లో మిగిలినవాటిలో అన్నిటికంటే పాతది అదేనని చెబుతారు. మెరెడిత్ అందులో కనబడడు, అప్పటికి సస్పెన్షన్‌లో ఉన్నాడు.

హాఫ్‌బ్యాక్ జవాబు:

దక్షిణ వేల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. అక్కడ రగ్బీ సంఘం 1881లో నీత్ పట్టణంలో ఏర్పడింది, గని లోయల జనం రగ్బీనే సొంతం చేసుకున్నారు. 1905 డిసెంబరులో కార్డిఫ్‌లో న్యూజీలాండ్ రగ్బీ జట్టును 3–0తో ఓడించిన తరువాత ఇక చెప్పనక్కరలేదు. ఫుట్‌బాల్ సంఘం 1894లో స్వాన్సీలో, 1896లో కార్డిఫ్‌లో అంతర్జాతీయ మ్యాచ్‌లు పెట్టి దక్షిణాదిని తన వైపు తిప్పుకోవాలని చూసింది. కార్డిఫ్‌లో ఆ 9–1 చూసినవారు ఎంతమంది తిరిగారో మీరే ఊహించుకోండి. దక్షిణాది క్లబ్బు వెల్ష్ కప్ గెలవడానికి 1912లో కార్డిఫ్ సిటీ వరకు ఆగవలసి వచ్చింది. సంఘం కార్యాలయం 1986 వరకు రెక్సమ్ వదలలేదు.

1907 తరువాత ఎందుకు నిలబడలేదన్న దానికి మరుసటి ఏడాదే జవాబు. 1908 మార్చి 16న, మళ్ళీ సోమవారమే, రెక్సమ్‌లో ఇంగ్లండ్‌తో ఆడుతుండగా రూస్ గాయపడ్డాడు. సబ్‌స్టిట్యూట్ అన్న మాటే లేని కాలంలో ఇంగ్లండ్ పెద్దమనసుతో ఒప్పుకుంటే బోల్టన్ గోల్‌కీపర్ డాయ్ డేవిస్ అతడి స్థానంలో దిగాడు. అయినా 7–1 తప్పలేదు. ఒకరిద్దరి మీద ఆనుకున్న జట్టుకు వాళ్ళలో ఒకడు పడిపోతే జరిగేది ఇదే.

ఇంకొకటి కూడా ఉంది. సరిహద్దు పక్కన ఉండడం రెండు వైపులా కోసే కత్తి. ఆ రోజుల్లో ఎడమ వింగ్‌లో ఆడిన రాబర్ట్ ఎవాన్స్ వేల్స్‌కు 1906 నుంచి 1910 వరకు పది మ్యాచ్‌లు ఆడాడు, ఇంగ్లండ్ మీద కూడా ఆడాడు. తరువాత అతడు పుట్టింది చెస్టర్‌లో అని, అంటే సరిహద్దుకు అవతల ఇంగ్లండ్ గడ్డ మీద అని తేలింది. 1911లో ఇంగ్లండ్ పిలిచింది, అతడు వెళ్ళాడు, నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. వెల్ష్ సంఘం చేయగలిగింది ఏమీ లేకపోయింది.

పాత స్కోరుబోర్డు:

ఎవాన్స్ సంగతి చదివాక ఇంకో సందేహం వచ్చింది: మెరెడిత్ ఇంగ్లండ్‌ను ఎప్పుడైనా ఓడించాడా?

గనిదారి జవాబు:

ఒకే ఒక్కసారి, అదీ చివరి మ్యాచ్‌లో. 1882లో 5–3తో గెలిచిన తరువాత అధికారిక మ్యాచ్‌లలో వేల్స్ మళ్ళీ ఇంగ్లండ్‌ను ఓడించింది 1920 మార్చి 15న, లండన్ హైబరీలో, 2–1తో. మెరెడిత్‌కు అప్పుడు 45 ఏళ్ళు. అదీ సోమవారమేనని హాఫ్‌బ్యాక్ గారి కోసం చెబుతున్నాను.